మచ్చ పడని చేయి

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఐదు రోజులు తిరిగి వచ్చాను. ఆఫీసుకు ఇవ్వాల్సిన రిపోర్టు ఇచ్చేశాను. అందులో పట్టనివి కొన్ని నా దగ్గరే మిగిలిపోయాయి. అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకు ఆ ఊళ్ళ గురించి చెబుతున్నట్టుగా మొదలుపెడితే, మిగిలినవి కూడా చెప్పగలుగుతానేమోనని ఇది రాస్తున్నాను.

మాది బాపట్ల. నర్సుగా హైదరాబాదులో ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాను. ఆరేళ్ళ కిందట ఒక పరిశీలనలో పనికి కుదిరి ఈ జిల్లాల బళ్ళన్నీ తిరిగాను. క్షయ రాకుండా పుట్టగానే పిల్లల ఎడమ చేతికి ఒక టీకా వేస్తారు. ఎదిగేకొద్దీ దాని బలం తగ్గుతుందంటారు. బడి వయసులో ఇంకోసారి వేస్తే మేలు జరుగుతుందా, పిల్లలకు ఏమైనా ఇబ్బంది వస్తుందా అన్నది చూడడం మా పని. తల్లిదండ్రులకు చెప్పి, సంతకాలు తీసుకుని, సగం మంది పిల్లలకు కుడి చేతికి టీకా వేశాం. తక్కిన సగం మందికి ఉప్పునీరు వేశాం. ఎవరికి ఏది పడిందో వాళ్ళకు తెలియదు, సూది గుచ్చిన నాకూ తెలియదు. అలా తెలియకపోతేనే ఫలితం నిజాయితీగా తేలుతుంది. ఆ వివరం మూసిన చీటీల్లో ఉంటుంది, పనంతా ముగిశాకే వాటిని విప్పుతారు.

ఇప్పుడు ఆఖరిసారి అందరినీ చూసి రావాలి. కాలేజీల్లో, ఇళ్ళల్లో దొరికినవాళ్ళు దొరికారు. దొరకని ఏడుగురి పేర్లు నాకిచ్చి వెళ్ళి రమ్మన్నారు. ఆ కాగితంలో నాలుగో పేరు దగ్గర నా కన్ను ఆగింది. శిరీష, సిరిసిల్ల, "ఇల్లు మారారు, ఆచూకీ లేదు."

జమ్మికుంట

పొద్దున్నే సికింద్రాబాదులో రైలెక్కితే పదకొండింటికల్లా జమ్మికుంటలో దిగాను. స్టేషన్ బయట మల్లేశం మఫ్లర్ చుట్టుకుని మోటారుసైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. ఇళ్ళు తిరిగి పిల్లల యోగక్షేమాలు రాసుకొచ్చే పని ఇక్కడ ఆయనదే. యాభై దాటాయి. ఈ జిల్లాలో ఆయనకు తెలియని సందు లేదు.

"బండి మీద కూసుంటరా మేడం, ఆటో మాట్లాడాల్నా?" అన్నాడు.

బండే ఎక్కాను. మా ఊళ్ళో ఈ కాలంలో ఎటు చూసినా వరి కుప్పలు. ఇక్కడ పత్తి. ట్రాక్టర్లు మార్కెట్ యార్డు గేటు నుంచి రోడ్డు చివరిదాకా బారు తీరి ఉన్నాయి. గాలికి లేచిన పత్తి పింజలు కరెంటు తీగలకు, తుమ్మ కొమ్మలకు, చాయ్ బండి మీది పాల గిన్నె మూతకు అంటుకుని ఉన్నాయి. నా జడకు అంటుకున్నవి సాయంత్రం దాకా ఏరుకుంటూనే ఉన్నాను.

జాబితాలో మొదటివాడు శ్రీకాంత్. అప్పుడు తొమ్మిదో తరగతి, ఇప్పుడు యార్డులో కాంటా దగ్గర పని. టీకా వేసిన మూడు నెలలకు వాడి చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. ఈ టీకాతో అరుదుగా అలా అవుతుంది. వాళ్ళ వాడంతా అట్టుడికింది. బడిలో ఇంకో సూది పడనివ్వమన్నారు. నేను వారం వారం వచ్చి వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి చీము తీయించి, కట్టు కట్టించాను. రెండు నెలల్లో మానింది. కాగితాల్లో ఆ సంగతి తేదీలతో సహా ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ ఓదమ్మ గిన్నె లోపల బియ్యప్పిండి ముద్ద ఒత్తి సర్వపిండి కాలుస్తోంది. పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి వేసిన మందపు రొట్టె అది. మేము చేసే తపాల చెక్కకు అక్కచెల్లెలు వరస అవుతుందిగానీ కారం మాత్రం వేరు. రెండు ముక్కలు తినేసరికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గప్పుడు మిమ్ముల తిట్టని తిట్టు లేదు మేడం," అంది ఓదమ్మ నా పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ.

"నాకు వినబడలేదులే."

"వినవడాల్ననే తిట్టిన. మా వాకిట్ల నిలవడి ఒర్రిన గద."

మల్లేశం నవ్వాడు. శ్రీకాంత్ మధ్యాహ్నం వచ్చి, సిగ్గుపడకుండా చొక్కా విప్పి చంకలో మచ్చ చూపించాడు. బరువు తూచాను, ఛాతీ విన్నాను. రాయిలా ఉన్నాడు. "అయిందేదో అయింది గని, వారం వారం వచ్చి చూసినవ్. గది మర్వ," అంది ఓదమ్మ సాగనంపుతూ. కరీంనగర్ బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ పూట నాకు గర్వంగానే ఉందని ఒప్పుకోవాలి.

సిరిసిల్ల

మర్నాడు వేములవాడ మీదుగా సిరిసిల్ల. నాకు మగ్గాలంటే చీరాల మగ్గాలే తెలుసు. గుంటలో కూర్చున్న మనిషి కాలితో తొక్కితే టకటకమనే చప్పుడు, మధ్యలో మాటలు, నవ్వులు వినబడే చప్పుడు. ఇక్కడివి కరెంటు మగ్గాలు. ఒక రేకుల షెడ్డులో ఇరవై దాకా ఒకేసారి కొట్టుకుంటుంటే ఛాతీలో ఎముకలు అదురుతాయి. మనుషులు సైగలతో మాట్లాడుకుంటున్నారు. నూలు దుమ్ము కనురెప్పల మీద తెల్లగా పేరుకుని ఉంటుంది. అందరూ ఎంతో కొంత దగ్గుతూనే ఉంటారు. ఎవరిది దుమ్ము దగ్గో, ఎవరిది జబ్బు దగ్గో చెవితో చెప్పలేం.

శిరీషవాళ్ళ నాన్న సత్యం ఇలాంటి షెడ్డులోనే పనిచేసేవాడు. ఆ పిల్ల నాకు బాగా గుర్తు. ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, బడి ఖోఖో జట్టులో అందరికంటే జోరుగా పరిగెత్తే పిల్ల. అక్క మౌనిక అదే బడిలో తొమ్మిది. ఇద్దరికీ ఒకే రోజు సూది వేశాను.

టీకా పడితే నెలన్నరకు అక్కడ పొక్కు లేచి చితికి, చిన్న మచ్చ మిగులుతుంది. ఉప్పునీటికి ఏమీ మిగలదు. ఎవరికి ఏది పడిందో మేము దాచినా చర్మం దాచలేదు. మేము మూడో నెలలో వెళ్ళేసరికి ఆడపిల్లలు చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. మచ్చ పడనివాళ్ళు గోడవారగా నిలబడి ఏడుస్తున్నారు. వాళ్ళలో శిరీష ఒకతె.

"అక్కకు అచ్చింది, నాకు రాలే. నాకు అసలుది వెయ్యుండ్రి సిస్టర్," అంది.

"మాకు తెలియదమ్మా, ఎవరికి ఏది పడినా దగ్గు వస్తే మాత్రం వెంటనే చెప్పాలి" అనాలి. మాకు నేర్పిన మాట అదే. నేను అన్నది వేరు. "అందరికీ మందే వేశాం. కొందరి చర్మానికి మచ్చ రాదు, అంతే. నీకేం కాదు, వెళ్ళు," అన్నాను. మచ్చ రానివాళ్ళు కొందరు ఉంటారన్నది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని తక్కినది అబద్ధం ఆడాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని వరసలోకి వెళ్ళింది.

వాళ్ళు అద్దెకున్న ఇంట్లో ఇప్పుడు వేరే వాళ్ళున్నారు. పక్కింటి అరుగు మీద ఎల్లవ్వ అనే పెద్దావిడ ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్ళు ఆగలేదు.

"సత్యం పోయిండు గదా," అంది. "మూడేండ్లాయె. ఏడాది దగ్గిండు. మగ్గం దుమ్మే అన్నడు. దవాఖానకు పోయేటాళ్ళకు బొక్కలు తేలినయ్. టీబీ అన్నరు."

"పిల్లలు?"

"పెద్దపిల్ల మంచిగనే ఉన్నది. చిన్నదానికే పట్టింది. పది పరీచ్చలు రాసినంక దగ్గు షురువైంది. ఆర్ఎంపీ తాన మందు తాగుకుంట నాలుగు నెలలు ఎల్లదీసిన్రు." ఎల్లవ్వ చేటలో తునికాకు ఏరుతూ నా వంక చూడకుండానే అంది: "వాళ్ళవ్వ భాగ్యను నేను అడిగిన. పిల్లను సుత దవాఖానకు తోల్కపోరాదే అన్న. దానికేం గాదు, బడిల టీబీ సూది ఏసిన్రు, సిస్టరే చెప్పింది అన్నది."

మల్లేశం నా వైపు చూశాడు. నేను పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాను.

సత్యం పోయాక తల్లి భాగ్య ఇద్దరు కూతుళ్ళనూ తీసుకుని ఆదిలాబాద్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయిందట. తమ్ముడి ఫోన్ నంబరు ఎల్లవ్వ మనవరాలు వెతికి ఇచ్చింది. మల్లేశం చేస్తే ఎత్తాడు. రమ్మన్నాడు.

ధర్మపురి

అక్కడ జాబితాలోని ఇంకో అమ్మాయి ఉంది. శిరీష తప్ప తక్కినవాళ్ళను దారిలోనే చూసుకుంటూ వచ్చాం. డిగ్రీ చదువుతోంది, ఆరోగ్యంగా ఉంది. పని అరగంటలో అయిపోయింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన యాత్రికులతో నరసింహస్వామి గుడి కిటకిటలాడుతోంది. ఇక్కడ యముడికి కూడా గుడి ఉంది. మా వైపు ఆ పేరు ఇంట్లో పైకి అనరు. ఇక్కడ మనుషులు ఆయన దగ్గరికి నూనె పట్టుకుని వెళ్ళి దీపం పెట్టి, ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పి నెమ్మదిగా వస్తున్నారు. ఒకామె బయటికి వస్తూ నన్ను చూసి, "మీరూ పెట్టుండ్రి, మంచిగైతది," అంది. నేను పెట్టలేదు. ఎవరి పేరు చెప్పాలో తెలుసు, చెప్పే ధైర్యం లేదు.

గోదావరి మెట్ల మీద పులిహోర పొట్లం విప్పామో లేదో, కోతి ఒకటి పొట్లంతోపాటు నా కళ్ళజోడు కూడా పట్టుకుపోయింది. మల్లేశం పదిహేను రూపాయలు పెట్టి అరటిపళ్ళు కొని, దాన్ని బతిమాలి, చివరికి జోడు ఇప్పించాడు. ఒక కాడ వంగిపోయింది. అది పెట్టుకుంటే నది ఒక పక్కకు ఒరిగినట్టు కనబడుతోంది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక అక్కడే, మెట్ల మీదే, శిరీషతో నేను అన్న మాట మల్లేశానికి చెప్పాను.

ఆయన నీళ్ళ వంక చూశాడు. చలికాలం కదా, నది సన్నబడి, మధ్యలో ఇసుక దిబ్బలు తేలి ఉన్నాయి.

"ఆ పిల్లకేనా మేడం, ఇంకెవలకన్న చెప్పిన్రా?"

నాకు తట్టని ప్రశ్న అది. "ఆ వరుసలో నలుగురైదుగురు ఉన్నారు. అందరూ విన్నారు."

"అయితే అందర్నీ మళ్ళ చూడాలె." అరటిపండు తొక్క తీస్తూ అన్నాడు: "నా తప్పు సుత ఉన్నది. సత్యం ఫోన్ బందైంది. ఇంటికి పోతె తాళం ఉండె. పక్కింట్ల అడిగితే గీ ముచ్చట గప్పుడే తెలుస్తుండె. నాకు గా దినం ఇంక పది ఇండ్లు ఉండె. తాళం అని రాసి పోయిన."

పులిహోర పోయింది కాబట్టి మిగిలిన అరటిపళ్ళు తిని లేచాం.

గోదావరి దాటాక

రాయపట్నం వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. లక్సెట్టిపేట, జన్నారం దాటేసరికి రెండు వైపులా టేకు అడవి. బస్సులో నా పక్కన గోండు ఆవిడ ఒకామె ఒళ్ళో రేగుపళ్ళ గంప పెట్టుకుని కూర్చుంది. మా వైపు బస్సుల్లో పక్కవాళ్ళు మొదట ఊరు అడుగుతారు, తర్వాత జీతం అడుగుతారు. ఈవిడ ఏమీ అడగలేదు. గంపలోంచి గుప్పెడు పళ్ళు తీసి నా చేతిలో పోసింది. దిగేముందు మాత్రం, "ఎవలకు బాగలేదు?" అంది. నా బ్యాగు మీద ఎర్ర గుర్తు చూసి అడిగి ఉంటుంది. నా ముఖం చూసి అడిగిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఉట్నూరులో బస్సు ఆగినప్పుడు ఆకలేసింది. హోటలాయనది నాందేడ్ వైపు. "పోహా తింటరా తాయీ, గరమ్ ఉన్నది," అన్నాడు. తాయీ అంటే అక్క అని మల్లేశం చెప్పాడు. మా ఇంట్లో అటుకులు కృష్ణాష్టమినాడో, వ్రతానికో పాలల్లో నానబెట్టుకునే వస్తువు. ఇక్కడ ఉల్లిపాయ, పల్లీలు, పసుపు వేసి వేడిగా పొద్దుటి పూట తింటారు. ప్లేటు ఇరవై రూపాయలు. పైన నిమ్మకాయ పిండి ఇచ్చాడు. బాగుంది. ఇంకో ప్లేటు తినాలనిపించి, ఎక్కడికి వెళుతున్నానో గుర్తొచ్చి వద్దనుకున్నాను.

దారి పొడుగునా, ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచించాను. గుడిహత్నూర్ దాటేసరికి నాలుగైదు రకాలుగా మొదలుపెట్టి చూసుకున్నాను. అన్నిటిలోనూ నా మంచితనం కాస్త కలుస్తోంది.

ఆదిలాబాద్

చలి. పగటిపూట కూడా జనం స్వెట్టర్లు వేసుకుని తిరుగుతున్నారు. భాగ్య తమ్ముడి ఇల్లు పాత ఆదిలాబాద్‌లో ఒక సందులో ఉంది. ఆయన పనికి వెళ్ళాడు. భాగ్య మమ్మల్ని చూడగానే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మా కోసం ఇంత దూరం వచ్చిన్రా సిస్టరమ్మా. రాండ్రి, కూసోండ్రి."

భాగ్య మరదలు జొన్న రొట్టెలు చేస్తోంది. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచిన ఠేచా పక్కన పెట్టింది. శిరీష దగ్గర్లోనే జిరాక్స్ షాపులో పనిచేస్తోందట, భోజనానికి వస్తుందట. మౌనిక నిజామాబాద్‌లో చదువుకుంటోందట. నేను తినలేక రొట్టె తుంచుతూ కూర్చున్నాను. భాగ్య తనంతట తానే జరిగిందంతా చెప్పింది.

"ఆయినకు టీబీ అని తేలినంక డాక్టర్ సార్ అన్నడు, ఇంట్ల పిల్లలను సుత తోల్కరా, పరీక్ష చేయాలె అని. నేనేమన్న? మా పిల్లలకు సూదులు పడ్డయ్ సార్, వాళ్ళకేం గాదు అన్న. గట్లనుకోవద్దమ్మా, తోల్కరా అన్నడు. రెండు మాట్ల అన్నడు. నేనే తోల్కపోలే." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆయిన పోయిన దుఃఖంల ఉన్న. పిల్ల దగ్గుతుంటె సలి అనుకున్న. ఇక్కడికి వచ్చినంక మా తమ్ముడు తోల్కపోతె చెప్పిన్రు, ఎడమదిక్కు ఊపిరితిత్తి ఖరాబైందని. గోళీలు మొత్తం మింగింది. రోగం పోయింది. గని పిల్ల మునుపటి పిల్ల గాదు. ఎవల మీదేస్త సిస్టరమ్మా. తప్పు నాదే."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. మల్లేశం గొంతు సవరించుకున్నాడు. నేను రొట్టె ఇంకో ముక్క తుంచాను.

శిరీష వచ్చింది. నాకంటే ఎత్తు అయింది. గడప దగ్గర ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడి, ఊపిరి కుదిరాక లోపలికి వచ్చింది. "బాగున్నరా సిస్టర్," అంది. నన్ను మరిచిపోలేదు.

లోపలి గదిలో ఆమెను పరీక్ష చేశాను. వీపు మీద ఎడమవైపు కింద స్టెతస్కోపు పెడితే ఏమీ వినబడలేదు. కుడివైపు వినబడే గాలి శబ్దం అక్కడ లేదు. నేను ఎక్కువసేపు పెట్టి ఉంచాననుకుంటాను.

"అక్కడ ఏం వినరాదు సిస్టర్. ఇక్కడి డాక్టర్ సుత చెప్పిండు," అంది.

"ఖోఖో..." అన్నాను.

"జోనల్‌కు సెలెక్ట్ అయిన. పోలే." జాకెట్టు సర్దుకుంది. "మెట్లు ఎక్కితె ఆయాసమొస్తది. అందుకే జిరాక్స్ షాపు. కింది అంతస్తుల ఉన్నది."

అప్పుడు చెప్పాను. దారిలో తయారు చేసుకున్న మొదళ్ళు ఏవీ పనికి రాలేదు. "ఆ రోజు బడిలో నీతో అబద్ధం చెప్పాను. నీకు ఏది పడిందో నాకు తెలియదు. మందే వేశామని అనకుండా ఉండాల్సింది."

శిరీష ఆశ్చర్యపోలేదు. "నాకు అనుమానముండె. అక్కకు మచ్చ ఉన్నది, నాకు లేదు. గని సిస్టర్ ఎందుకు అబద్ధమాడ్తది అనుకున్న. ఇంటికి పోయి అవ్వకు గదే చెప్పిన. అవ్వా, నాకు సుత మందే పడ్డదట, పరేషాన్ గాకు అని."

"నన్ను..."

"నాకు కాదు సిస్టర్. అవ్వకు చెప్పుండ్రి. మూడేండ్ల సంది నాదే తప్పు, నాదే తప్పు అంటది. నేను కాదంటె వినది. మీరు చెప్తె వింటది."

బయటికి వచ్చి భాగ్య ఎదురుగా కింద కూర్చున్నాను. చెప్పాను. మల్లేశం కూడా తాళం సంగతి చెప్పాడు. భాగ్య చేతిలో రొట్టె గుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"అంటె, సూది పడ్డా టీబీ రావచ్చునా?"

"రావచ్చు. ఆపుతుందో లేదో చూడడానికే ఆ పని పెట్టుకున్నాం అక్కా. నీ కూతురికి టీకా పడిందో ఉప్పునీరు పడిందో కూడా ఇంకా చీటీలు విప్పలేదు. ఏది పడినా దగ్గు వస్తే చెప్పమనాల్సింది. నేను ఏమీ కాదని చెప్పాను. నువ్వు నా మాట నమ్మావు."

"నేను నమ్మిన," అంది. అదొక్కటే కాసేపు అంటూ ఉంది. తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది: "గీ ముచ్చట మీరు మూడేండ్ల కింద వచ్చి చెప్పి ఉంటె, సిస్టరమ్మా..."

నాకు ఏడుపు ఆగలేదు. శిరీష నా భుజం మీద చెయ్యి వేయలేదు. ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా అంది: "మీరు ఏడ్వకుండ్రి సిస్టర్. మీరు ఏడ్సి పోతరు. మీరు పోయినంక అవ్వ నెల రోజులు ఏడుస్తది. నేను సముదాయించాలె."

ఏడుపు ఆపాను. అప్పటిదాకా నా వయసువాళ్ళు కూడా ఎవరూ నాతో అంత సూటిగా మాట్లాడలేదు.

ఫారం తీశాను. సూది వల్ల వచ్చిన జ్వరం, వాపు, గడ్డ, అన్నిటికీ అందులో గడులున్నాయి. శ్రీకాంత్ చంకలో గడ్డకు ఒక పేజీ ఉంది. నేను అన్న మాటకు గడి లేదు. వెనకవైపు ఖాళీ స్థలంలో రాశాను: ఏడుస్తున్న పిల్లకు ధైర్యం చెప్పడానికి నర్సు "అందరికీ మందే వేశాం" అని చెప్పింది, అందువల్ల కుటుంబం పరీక్ష ఆలస్యం చేసింది. కింద నా పేరు రాశాను. చదవమని శిరీషకు ఇచ్చాను.

రోజంతా కాగితాలు చూసే పిల్ల. వేలు పెట్టి చదివి, ఒక చోట ఆగింది.

"ధైర్యం చెప్పడానికి అని రాసిన్రు. గది కాదు సిస్టర్. గంట కొట్టిన్రు. మాకు రక్తపరీక్ష తియ్యాలె, మేం ఏడుస్తుంటె మీకు లేటయితుండె. జల్ది జల్ది చెప్పి పంపిన్రు. నాకు యాదికున్నది."

నిజమే. నాకూ గుర్తొచ్చింది. భోజనం గంట కొట్టారు, పిల్లలు చెదిరిపోతే ఆ రోజు పని పాడవుతుంది. ఏడుపు చూసి ఇంకో నలుగురు ఇళ్ళకు వెళ్ళి చెబితే జమ్మికుంటలో జరిగిన గొడవే ఇక్కడా లేస్తుంది. ఇన్నాళ్ళూ నేను జాలిపడి చెప్పిన అబద్ధమనే అనుకుంటూ వచ్చాను. "ధైర్యం చెప్పడానికి" కొట్టేసి, "పని త్వరగా ముగించడానికి" అని రాశాను. శిరీష మళ్ళీ చదివి సంతకం పెట్టింది.

హైదరాబాద్ వచ్చాక ఆ పేజీ చూసి మా పెద్దవాళ్ళు ఇబ్బంది పడ్డారు. కంప్యూటర్‌లో ఎక్కించడానికి దానికి చోటు లేదన్నారు. విడిగా ఉత్తరం రాసి ఇచ్చాను. ఇలాంటి పరిశీలనల్లో మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం ముందు పెడతామన్నారు. ఆ బడిలో ఆ రోజు వరుసలో నిలబడ్డ మిగతా పిల్లల ఇళ్ళకు మల్లేశం తిరుగుతున్నాడు. ముగ్గురు దొరికారు, బాగున్నారు. ఒకరి కోసం ఇంకా వెతుకుతున్నాడు. నన్ను ఈ పనిలో ఉంచుతారో లేదో తెలియదు. ఉంచకపోతే అడగడానికి నాకు ముఖం లేదు.

ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. బయలుదేరుతుంటే భాగ్య గడప దాటి రాలేదు. కోపమో, అలసటో నాకు తెలియలేదు. మరదలు మాత్రం రెండు జొన్న రొట్టెలు కాగితంలో చుట్టి మల్లేశం చేతికిచ్చింది. శిరీష షాపుకు వెళ్ళాలి, బస్టాండ్ దారి అదే అంటూ మాతో నడిచింది. మల్లేశం టికెట్ల కోసం ముందు వెళ్ళాడు.

సందు చివర స్టీలు సామాన్ల దుకాణం దగ్గర శిరీష ఆగింది. వేలాడదీసిన క్యారియర్ల వంక చూస్తూ నిలబడింది. ఏమైనా కొనాలేమో అనుకున్నాను. తర్వాత ఆమె మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనబడింది. నేనూ ఆగాను. ఒక క్యారియర్ చేతిలోకి తీసుకుని ధర అడిగాను. నాలుగు వందల ఎనభై అన్నాడు దుకాణదారు. మూత తీసి చూశాను, పెట్టాను, అడుగున గిన్నె మందం చూశాను. శిరీష నా వంక చూసింది. నేను ఎందుకు అడుగుతున్నానో ఆమెకు తెలిసింది. ఊపిరి కుదిరాక, "పోదామా," అంది.

గాజుల దుకాణం దగ్గర ఇంకోసారి ఆగాం. దుప్పట్లు అమ్మే బండి దగ్గర మరోసారి. ఇప్పుడు ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆమె ఆగేది, నేను ధర అడిగేదాన్ని. ఆమె పరిగెత్తిన రోజుల్లో ఆ దూరం రెండు నిమిషాల పని. మాకు పావుగంట పట్టింది. మేము చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది. మల్లేశం చేతులు చాచి, మా ఇద్దరినీ చూసి దించేశాడు. "ఇంకోటి గంటకు ఉన్నది," అన్నాడు.

శిరీష షాపుకు ఆలస్యమవుతుందని నాకు తెలుసు. వెళ్ళమని అనబోయాను. ఆమె అప్పటికే బెంచీ మీద కూర్చుని, పక్కన నాకు చోటు వదిలింది.

"చీటీలు విప్పినంక నాకు ఫోన్ చేయుండ్రి," అంది. "నాకు ఏది పడ్డదో మీరే చెప్పాలె. వేరేవాళ్ళతోని చెప్పియ్యకుండ్రి."

సరేనన్నాను. నంబరు తీసుకున్నాను, ఇద్దరం సరిచూసుకున్నాం. గంటసేపు అక్కడే కూర్చున్నాం. ఆమె వచ్చే పోయే బస్సుల బోర్డులు చదువుతూ కూర్చుంది. నేనూ చదివాను.